కొత్త పలక: పలుచని ల్యాప్‌టాప్‌లో నిల్వ, సాఫ్ట్‌వేర్ల ఎంపిక

మన పొరుగున ఉన్న మార్కాపురం గనుల రాయిని చీల్చి, చెక్క చట్రం బిగించిన పలకల మీదనే ఎన్నో తరాల బిడ్డలు ఓనమాలు దిద్దారు. పలక కొనేటప్పుడు పెద్దలు చట్రం రంగును లెక్కచేసేవారు కారు. రాయిలో పగులు ఉన్నదా, బలపం గీత స్పష్టంగా పడుతున్నదా అని మాత్రమే పరీక్షించేవారు. నేటి విద్యార్థికి ల్యాప్‌టాపే పలక. దానిని కొనేటప్పుడు మాత్రం పైమెరుపునకు, సన్నదనానికి లోబడుతున్నాము.

నావద్ద చదివిన ఒక విద్యార్థి తండ్రి పలకల గనిలో కూలి. ఆయన కూడబెట్టిన సొమ్ముతో ఆ అబ్బాయి పలుచని ల్యాప్‌టాప్ కొన్నాడు. అందులో నిల్వకు ఉన్నది 32 జి.బి. మాత్రమే. కొద్ది నెలలకే విండోస్ నవీకరణలతో అది నిండిపోయి, యంత్రం కదలక మొరాయించింది. నిల్వభాగాన్ని మార్చడం సాధ్యం కాదని అమ్మినవారు అప్పుడు చెప్పారు. ఈ మాట కొనకముందే తెలిసి ఉంటే ఆ కష్టార్జితం వ్యర్థమయ్యేది కాదు. ఈ వ్యాసానికి అదే ప్రేరణ.

కంప్యూటరును ఒక గ్రంథాలయంగా భావించండి. చదివేవాడు ప్రాసెసర్, ఎదుటి బల్ల ర్యామ్, పుస్తకాల బీరువా నిల్వ. పాఠకుడు ఎంత చురుకైనవాడైనా, బీరువా నుండి పుస్తకం రావడం ఆలస్యమైతే చేతులు ముడుచుకొని కూర్చోవలసిందే. హార్డ్‌డిస్క్‌లో తిరిగే బిళ్ళ మీద ముల్లు వెదకవలసి ఉంటుంది; ఒక్కొక్క వెదుకులాటకు సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే లేదు గనుక మిల్లీసెకనులో పదోవంతు కూడా పట్టదు. 2008 జనవరిలో ఆపిల్ సంస్థ విడుదల చేసిన తొలి మ్యాక్‌బుక్ ఎయిర్ ఇందుకు మంచి ఉదాహరణ. సన్నదనం కోసం అందులో నిమిషానికి 4,200 సార్లు తిరిగే చిన్న డిస్క్‌ను అమర్చారు. అధిక ధర చెల్లించగలవారికి 64 జి.బి. ఎస్.ఎస్.డి. ఇచ్చారు. నాడు సంపన్నులకే అందిన ఆ సౌకర్యం నేడు సామాన్యునికీ అందుబాటులో ఉన్నది.

అయితే ఎస్.ఎస్.డి.లోనూ తరగతులున్నాయి. సాటా రకం సెకనుకు 500 ఎం.బి. పైచిలుకు చదువుతుంది, ఎన్.వి.ఎం.ఇ. రకం అంతకు అనేక రెట్లు. పాఠాలు, వ్యాసాలు వ్రాసుకొనేవారికి ఈ రెంటి మధ్య భేదం అంతగా తెలియదు. చవక యంత్రాలలో కనిపించే ఇ.ఎం.ఎం.సి. మాత్రం సాధారణంగా బోర్డుకే అతికి ఉంటుంది, ఊడదీసి మార్చలేము. సన్నని యంత్రాలలో ర్యామ్ కూడా తరచుగా అట్లాగే ఉంటుంది. కావున తరువాత మార్చలేని దానిని కొనేనాడే సరిగా ఎంచుకోవాలి. 8 జి.బి. ర్యామ్, 256 జి.బి. ఎస్.ఎస్.డి. విద్యార్థికి ఉచితమైన కొలత.

256 జి.బి. చాలునా అని సందేహించవద్దు. యూనికోడ్‌లో సాధారణంగా ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. ఆ లెక్కన రెండువందల పుటల గ్రంథపాఠం సుమారు ఒక ఎం.బి.; వేయి గ్రంథాలు ఒక్క జి.బి.లో ఒదుగుతాయి. చోటు మింగేవి దృశ్యాలే. వాటిని వెలుపలి హార్డ్‌డిస్క్‌లో దాచుకొని, ఎస్.ఎస్.డి.లో అయిదోవంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. నిండే కొద్దీ దాని వేగం తగ్గుతుంది. ముఖ్యమైన వ్రాతలకు రెండవ ప్రతి తప్పనిసరి, ఎస్.ఎస్.డి. హెచ్చరిక లేకుండానే చెడిపోవచ్చు.

ఇక సాఫ్ట్‌వేర్. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిల్వ కావాలి, సుఖంగా నడవడానికి అది చాలదు. పాత యంత్రానికి లుబుంటు వంటి తేలికైన లినక్స్ మేలు. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ కృషి ఈ సందర్భంలో స్మరణీయం. వ్రాతపనికి లిబ్రే ఆఫీస్ ఉచితంగా లభిస్తుంది. ఎడమ నుండి సాగే తెలుగునూ, కుడి నుండి సాగే ఉర్దూనూ ఒకే పుటలో చూపగలదు. రెండు భాషలనూ యూనికోడ్‌లోనే టైపు చేయండి. 1981 నాటి నూరీ నస్తాలీఖ్ లిపిలో సుమారు 20,000 అక్షర సంయోగాలున్నాయి. దానిని అనుసరించిన ఫాంట్లు బరువైనవి గనుక ఒకటి రెండు చాలును. యంత్రం తెరవగానే తమంతట తామే మొదలయ్యే అనవసర ప్రోగ్రాములను ఆపివేయండి. మన వేసవిలో పరుపు మీద పెట్టి పనిచేయవద్దు. పలుచని యంత్రం వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

విద్యార్థులారా! దుకాణంలో మూడే ప్రశ్నలు అడగండి: నిల్వ ఏ రకం? దానిని మార్చవచ్చునా? ర్యామ్ ఎంత, పెంచవచ్చునా? జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. పాత కంప్యూటర్లను మూలకు చేర్చక ముందు వాటి హార్డ్‌డిస్క్ తీసి సాటా ఎస్.ఎస్.డి. అమర్చి, లినక్స్ ఎక్కించి చూడండి. కొత్తది కొనలేని బిడ్డకు అదే చక్కని పలక కాగలదు.