పెంబర్తి శిల్పుల వీధి

హైదరాబాదు నుండి వరంగల్లుకు పోయే రహదారిపై, జనగామకు కొద్ది దూరం ముందే పెంబర్తి గ్రామం ఉంది. సెలవునాడు విహారానికి వచ్చి ఇక్కడ ఆగిన యాత్రికుణ్ణి మొదట పలకరించేది సుత్తి చప్పుడు. విశ్వకర్మ శిల్పులు ఇత్తడి రేకును లక్కపై అతికించి, చిన్న ఉలులతో కొడుతూ లతలను, దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తీరుస్తారు. తొందరపడితే రేకు చీలిపోతుంది.

కాకతీయుల కాలంలో ఆలయాలకు, రథాలకు తొడుగులు చేసిన ఈ విద్య వారి రాజ్యంతోపాటు క్షీణించింది. నిజాం నవాబుల కాలంలో పాన్‌దానులు, అత్తరుదానుల రూపంలో మళ్ళీ చిగురించింది. తాంబూలంపై మోజే ఒక కళను కాపాడిందనుకోవచ్చు! నేడు జ్ఞాపికలు, గోడకు తగిలించే ఫలకాలు కూడా చేస్తున్నారు. భౌగోళిక గుర్తింపు లభించినా, యంత్రంపై అచ్చొత్తిన చౌక వస్తువులతో పోటీ తప్పలేదు. ధర విని వెనుదిరగబోయే యాత్రికుడు ఆ రేకును ఒకసారి తిప్పి చూడాలి. శిల్పి వేసిన దెబ్బల గుర్తులు వెనుకవైపున కనిపిస్తాయి.