కారులో స్క్రీన్ బిగిస్తే చట్టం ఏమంటుంది?

కారు డ్యాష్‌బోర్డులోని పాత స్టీరియో తీసేసి పాటలు, సినిమాలు ఆడే ఆండ్రాయిడ్ స్క్రీన్ బిగించుకోవడం నేరం కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నిషేధించేది వేరు. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ పొంతన లేకుండా చేసే మార్పులు కూడదంటుంది. కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, రంగు, సీట్ల సంఖ్య ఉంటాయి. పాటల పెట్టె ఊసు ఉండదు. అదే పెద్ద వూఫర్ కోసం వెనక సీటు పీకేస్తే సీట్ల లెక్క మారుతుంది, 52వ సెక్షన్ అడ్డొస్తుంది. 182ఎ(4) సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

అసలు చిక్కు బిగించడంలో కంటే చూడడంలో ఉంది. బండి కదులుతున్నప్పుడు డ్రైవరు వీడియో చూడకూడదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. దారి చూపే మ్యాప్‌కు మాత్రమే మినహాయింపు. ఉల్లంఘిస్తే 177ఎ సెక్షన్ కింద 500 నుంచి 1,000 రూపాయల జరిమానా. ఈ చిన్న మొత్తం చూసి తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ. ప్రమాదం జరిగితే లెక్క మారిపోతుంది: నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు.

హ్యాండ్‌బ్రేక్ వేస్తే తప్ప వీడియో ఆడకుండా చాలా సెట్లలో ఒక వైరు ఉంటుంది. కొన్ని యాక్సెసరీస్ షాపుల్లో ఆ వైరును బాడీకి కలిపేసి, నడుస్తున్నప్పుడూ సినిమా వచ్చేలా చేస్తారు. అదనపు సదుపాయంలా కనిపించే ఈ పని వల్ల చిక్కుల్లో పడేది స్టీరింగ్ పట్టుకున్నవారే. వెనక సీటువారి కోసం సీటు తలదిండుకు బిగించే తెర అయితే డ్రైవరు చూపుకు అందదు కాబట్టి ఈ పేచీ రాదు.

సొంత కారులో ఇంటివాళ్లు పాటలు వింటే కాపీరైట్ గొడవ లేదు. టికెట్టు కొని ఎక్కిన ప్రయాణికులకు బస్సులో పైరసీ సినిమా వేయడం వేరు సంగతి. ‘తండేల్’ పైరసీ కాపీని ఆర్టీసీ బస్సులో వేశారని 2025 ఫిబ్రవరిలో ఆ చిత్ర నిర్మాతలు బయటపెట్టారు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా.

ఇక కొనుగోలుదారుకు ఎక్కువగా తగిలే దెబ్బ వారంటీ. బయట సెట్ బిగించారన్న ఒక్క కారణంతో, ఏసీ పాడైనా సరే, మొత్తం వారంటీ పోయిందని చెప్పే సర్వీసు సెంటర్లు ఉంటాయి. ఆ వాదన అంత తేలిగ్గా నిలవదు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో, బయటి మెకానిక్ దగ్గరికి వెళ్తే వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టరాదని చెప్పింది. బయట చేసిన లోపభూయిష్టమైన పని వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చని వివరించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లినా, ఆ ఉత్తర్వులోని తర్కం వినియోగదారుడి చేతిలో మంచి ఆధారమే. కంపెనీ వైరింగ్ కోసి అతికిస్తే మాత్రం విద్యుత్ లోపం ప్రతిదీ ఆ అతుకు ఖాతాలో పడే అవకాశం ఉంది. కోత లేకుండా కప్లర్‌తో కలిపే సెట్‌కు నాలుగు రూపాయలు ఎక్కువైనా అందుకే నయం.

బీమాలోనూ ఇలాంటి మెలికే. షోరూమ్ ధరలో చేరని ఎలక్ట్రానిక్ వస్తువులను పాలసీలో విడిగా చూపించాలి. దీన్ని ఐఎంటీ 24 అంటారు. పాత టారిఫ్‌లో దీనికి అదనపు ప్రీమియం వస్తువు విలువలో 4 శాతం, అంటే 40,000 రూపాయల సెట్‌కు 1,600. చూపించకపోతే కారుతోపాటు సెట్ పోయినా దాని విలువ అడగడం కష్టం. దానంతటది పాడైన సెట్‌కు, చూపించినా, మామూలు పాలసీ డబ్బివ్వదు.

సెట్‌లోనో బిగింపులోనో లోపం ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆసరా. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జీఎస్టీ తగ్గుతుందని బిల్లు వద్దనుకునేవారు తమ సాక్ష్యాన్ని తామే వదులుకుంటున్నట్టు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని రసీదు మీద అచ్చేసినంత మాత్రాన షాపు తప్పించుకోలేదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడమూ అనుచిత పద్ధతే. బిల్లు మీద సెట్ మోడల్, సీరియల్ నంబరు, బిగింపు కూలీ విడివిడిగా రాయించుకుంటే వస్తువు లోపమా, పని లోపమా అన్న వాదన వచ్చినప్పుడు అక్కరకొస్తాయి.

ముందుగా షాపుకు రాతపూర్వకంగా తెలపడం, తర్వాత 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పడం మంచిది. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ధర 50 లక్షల వరకు అక్కడే, 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. షాపు చెన్నైలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే గుంటూరులోనో వరంగల్‌లోనో కేసు వేయవచ్చు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. ఎదుటి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో, తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం అంటుంది. వాయిదాలు ఆ గడువును దాటడం మాత్రం మామూలే.