ఇంటివద్ద ఉప్పునీటి తొట్టి - వరి విత్తనమును ఏరుకొను పద్ధతి



నారు పోయు రోజులు దగ్గరపడగానే వరి పండించు ప్రతి ఇంట ఒక ప్రశ్న పుట్టును. పోయిన పంటలో దాచుకొన్న వడ్లను విత్తనముగా వాడవచ్చునా, లేక డబ్బు పెట్టి క్రొత్త సంచి కొనవలెనా? 2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేరువేరు జిల్లాలైనవి గాని, ఈ ప్రశ్న మాత్రము మూడింటను ఒక్కటే. బయ్యారం చెరువు క్రింద సాగుచేయు రైతు అయినను, గణపసముద్రము ఆయకట్టు రైతు అయినను, జనగామ మెట్టలలో బోరు నీటిని పొదుపుగా వాడుకొను రైతు అయినను, నారుమడి చెడినచో మరల విత్తనము, మరల నీరు, మరల ఇరువది అయిదు రోజులు వెచ్చింపవలెను. పోయిన డబ్బును ఎట్లో సర్దుకొనవచ్చును. పోయిన అదను తిరిగి రాదు.

సొంత విత్తనమును వాడుటలో తప్పు లేదు. దానిని ఏరకుండ వాడుటయే తప్పు. ఇంటిలో దొరకు పాత్రలతో, దొడ్డుప్పుతో ఒక ఉప్పునీటి తొట్టిని ఏర్పరచుకొని గట్టి గింజలను వేరుచేయు విధానమును ఈ పాఠములో వివరింతును.

ఉప్పునీరు ఎందుకు?

విత్తనపు బస్తాలో మూడు రకముల గింజలుండును. ఒకటి ఉత్త తాలు. రెండవది అర తాలు, అనగా లోపల బియ్యము సగమే పోసుకొన్న గింజ. మూడవది నిండు గింజ. ఉత్త తాలు తూర్పారబట్టునపుడే చాలవరకు ఎగిరిపోవును. మిగిలినది మామూలు నీటిలో తేలును. చిక్కంతయు అర తాలుతోనే. అది గాలికి పోదు, మంచినీటిలో మునుగును, చూచుటకు మంచి గింజవలెనే యుండును, మొలక కూడ వచ్చును. కాని మూడవ ఆకు విచ్చుకొనువరకు మొలకకు ఆహారము గింజలోని బియ్యమే. అది సగమే యున్నచో మొక్క ఆదిలోనే బలహీనపడును. నారుమడిలో ఒకచోట పచ్చగా, ఒకచోట పీలగా నారు కనబడుటకు ఇది ఒక ముఖ్య కారణము.

నీటిలో ఉప్పు కరిగినకొలది నీటి బరువు పెరుగును. అట్టి బరువు నీటిలో అర తాలు తేలిపోవును, నిండు గింజ మునుగును. ఈ పద్ధతిలోని కీలకమంతయు ఇదియే.

ఇది క్రొత్త సంగతి కాదు. 1882లో జపాను దేశమున ఫుకుఓకా ప్రాంతమందు యోకొయి తోకియోషి అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఉప్పునీటితో విత్తనమును ఏరు విధానమును రూపొందించెను. మన దేశమున 1953లో జపాను వరిసాగు పద్ధతి ప్రచారము ఆరంభమైనపుడు ఇదికూడ ఊరూర చెప్పబడినది. ఇంటి పెద్దలనడిగినచో కోడిగ్రుడ్డును తేల్చిన సంగతి కొందరికైనను జ్ఞాపకముండును.

నేను నేర్చుకొన్న పాఠము

ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక గ్రామమున ఈ పద్ధతిని చూపబోయితిని. దుకాణమునుండి ఒక గ్రుడ్డు తెప్పించి, అది తేలువరకు ఉప్పు కలిపి, వడ్లు పోసితిని. కొద్దిపాటి తాలు మాత్రమే తేలెను. ప్రక్కన నిలుచున్న ఒక పెద్దాయన చెంబెడు మంచినీళ్ళు తెచ్చి, గుప్పెడు వడ్లు అందులో వేసి చూపి, "సారూ, గీ తాలు ఉత్త నీళ్ళల్ల గూడ తేలవట్టె గదా! ఉప్పు పైసలు దండుగేనాయె" అనెను. నాకు సమాధానము తోచలేదు. తరువాత ఆ గ్రుడ్డును మంచినీటిలో వేసి చూడగా అడుగున పండుకొనక నిట్టనిలువుగా నిలిచినది. అది చాలనాళ్ళ గ్రుడ్డు. నిలువ గ్రుడ్డులో గాలి పెరిగి తేలికపడును గనుక, నీరు చాలినంత బరువెక్కకముందే అది తేలినది. నాటినుండి గ్రుడ్డును నమ్ముట మాని, తూకమును నమ్ముచున్నాను.

కావలసిన సామాను

1. సుమారు 40 లీటర్లు పట్టు ప్లాస్టిక్ టబ్బు లేక గోలెము. ఇది గింజలను ఏరు తొట్టి.
2. 15 లీటర్లు పట్టు బకెట్టు. ఇది చిక్కని ఉప్పునీటికి.
3. కడుగుటకు మరియొక పెద్ద తొట్టి, దగ్గరలో ధారాళముగా మంచినీరు.
4. దొడ్డుప్పు 2½ కిలోలు.
5. సన్నని మూతిగల ఒక సీసా, గ్రాములు చూపు తూకపు యంత్రము. ఇంటిలో లేనిచో కిరాణా దుకాణములో అడిగి తెచ్చుకొనవచ్చును.
6. జల్లెడ, వెదురు గంప, కలుపుటకు కర్ర, పలుచని గుడ్డ.

ఇనుప పాత్రలు వలదు, ఉప్పునీటికి త్రుప్పుపట్టును. తొట్టిని నీడలో, నారుమడికిని బావికిని దూరముగా, పశువులు రాని తావున పెట్టుకొనవలెను.

సీసాకు గుర్తు పెట్టుట

ఖాళీ సీసాను తూచి ఆ బరువును వ్రాసికొనుడు. తరువాత త్రాగునీటిని కొద్దికొద్దిగా పోయుచు, నీటి బరువు సరిగా 1000 గ్రాములు కాగానే ఆపి, నీటి మట్టమువద్ద రంగుతో గీత పెట్టుడు. ఇదియే మీ కొలత సీసా. అదే గీతవరకు ఉప్పునీరు పోసి తూచి, సీసా బరువు తీసివేయగా 1060 గ్రాములు వచ్చినచో, ఆ నీరు మన పనికి సరిపోయినదన్నమాట. అరలీటరు సీసా అయినచో 500 గ్రాములకు గీత పెట్టి, 530 గ్రాములు చూడవలెను.

నాలుకకు ఉప్పగా తగిలినంతమాత్రమున నీరు బరువెక్కినట్లు కాదు. సముద్రపు నీరు ఎంత ఉప్పనో అందరు ఎరుగుదురు. అయినను అందులో లీటరుకు ఉన్న ఉప్పు సుమారు 35 గ్రాములే, లీటరు బరువు సుమారు 1025 గ్రాములే. మనకు కావలసినది అంతకంటె బరువైన నీరు. నగరములలో గాజు తొట్టెలలో సముద్రపు చేపలను పెంచువారు సైతము ఉప్పును తూచి కలిపి, నీటి బరువును సాధనముతో చూచి గాని చేపను వదలరు. వేడుకకు పెంచు చేపకే అంత జాగ్రత్త యున్నపుడు, ఏటి పంటకు ఆధారమైన విత్తనమునకు ఉండవలదా?

ఉప్పునీరు కలుపుట

బకెట్టులో 10 లీటర్ల నీరు పోసి 2½ కిలోల ఉప్పు వేసి, గళ్ళు పూర్తిగా కరుగువరకు కలుపవలెను. అడుగున మట్టి చేరినచో గుడ్డతో వడకట్టవలెను. ఇది చిక్కని ఉప్పునీరు.

పెద్ద టబ్బులో 10 లీటర్ల మంచినీరు పోసి, అందులో చిక్కని ఉప్పునీటిని కొద్దికొద్దిగా పోయుచు కలుపవలెను. సుమారు 6 లీటర్లు పోసిన తరువాత బాగుగా కలిపి, కొలత సీసాతో తూచి చూడవలెను. 1060 గ్రాములకు తక్కువైనచో మరికొంత చిక్కని నీరు, ఎక్కువైనచో మరికొంత మంచినీరు కలుపవలెను. ఉప్పులో తేమ, మట్టి యుండును గనుక ప్రతిసారి ఒకే లెక్క రాదు. కావుననే తూకము అవసరము. మిగిలిన చిక్కని నీటిని మధ్యమధ్య కలుపుటకు దాచి యుంచవలెను.

జ్ఞాపకమునకు మరొక లెక్క. 10 లీటర్ల నీటిలో ఒక కిలో శుభ్రమైన ఉప్పు కరిగినచో లీటరు బరువు సుమారు 1065 గ్రాములు, కిలోన్నరకు సుమారు 1095, రెండు కిలోలకు సుమారు 1120 గ్రాములగును.

తూకము లేనివారు గ్రుడ్డుతో చేయవచ్చును గాని, అది ఆనాడో ముందునాడో పెట్టినదై యుండవలెను. మంచినీటిలో అడుగున పండుకొన్నదే తాజా గ్రుడ్డు. అది తేలి నాణెమంత మేర పైకి కనబడునప్పటికి నీటి బరువు 1060 గ్రాములను దాటియుండును. జపానులో లావు గింజల రకములకు 1130 వరకు వాడినారు. మన సన్నరకములకు అంత బరువు నీరు వాడినచో మంచి గింజలు కూడ తేలి నష్టము కలుగవచ్చును. సిద్ధి, తెలంగాణ సోనా, సాంబ మసూరి వంటి వానికి 1060తోనే ఆరంభించుట మేలు.

గింజలను ఏరుట

పొడి వడ్లనే వాడవలెను. ముందుగా నానిన గింజ నీరు త్రాగి బరువెక్కియుండును గనుక ఏరుటకు పనికిరాదు.

మొదట గుప్పెడు వడ్లు వేసి, చేతితో బాగుగా కలిపి చూడుడు. పొట్టుకు అంటియున్న గాలి బుడగలు వదలినచో మునుగవలసిన గింజ మునుగును. తేలినవానిలో 20 గింజలు, మునిగినవానిలో 20 గింజలు తీసి పొట్టు ఒలిచి చూడుడు. తేలినవానిలో నిండు బియ్యము ఎక్కువగా కనబడినచో నీరు మరీ బరువైనది, మంచినీరు కలుపుడు. మునిగినవానిలో సగము బియ్యపు గింజలు కనబడినచో చిక్కని నీరు కలుపుడు. అంతిమ నిర్ణయము మీ కంటిదే.

తరువాత 5 కిలోల చొప్పున వడ్లు పోసి, కలిపి, తేలినవానిని జల్లెడతో తీసివేయవలెను. అర తాలుతోపాటు తేలికపాటి కలుపు విత్తనములు, కాటుక తెగులు ఉండలు కూడ పైకి వచ్చును. వానిని తొలగించుట మరియొక లాభము. మునిగిన గింజలను గంపలోనికి ఎత్తి నీరు ఓడ్చవలెను. ఇదంతయు అయిదు నిమిషములలో ముగియవలెను. రెండు మూడు దఫాలకొకసారి నీటిని తూచి, తక్కువైనచో చిక్కని నీటితో సరిచేయవలెను.

కడుగుట మరువరాదు

ఉప్పునీటినుండి తీసిన గింజలను ఆరబెట్టవలదు, కుప్పగా ఉంచవలదు. వెంటనే మంచినీటితో మూడుసార్లు, ప్రతిసారి నీరు మార్చి కడుగవలెను. గింజను అంటియున్న ఉప్పు మొలకను చెరచును. మూడవసారి కడిగిన నీటిలో వ్రేలు ముంచి నాలుకకు తాకించినచో ఉప్పదనము తెలియరాదు. తెలిసినచో నాలుగవసారి కడుగవలెను. నీరు చాలదని కడుగుటలో తగ్గించువారు ఈ పద్ధతిని ఆరంభింపకుండుటయే మంచిది.

ఉప్పునీరు చేయలేని పనులు

ఉప్పునీరు బరువును మాత్రమే చూచును. రెండు రకములు కలిసిన విత్తనమును అది విడదీయలేదు. గింజలో దాగిన తెగులును చంపలేదు. నిలువలో జీవము పోయిన గింజ సయితము నిండుగా ఉన్నచో మునుగును. కావున నారుపోయుటకు పదిరోజుల ముందే ఏరిన గింజలనుండి 100 తీసి, తడిగుడ్డలో చుట్టి మొలక పరీక్ష చేయవలెను. 80కి తక్కువ మొలచినచో ఆ విత్తనమును విడిచిపెట్టవలెను.

పరీక్షలో నెగ్గిన పిదప, నారుపోయుటకు రెండుదినముల ముందు మొత్తము విత్తనమును ఏరి, కడిగి, విత్తనశుద్ధి చేయవలెను. దంప నారుమడికి కిలో విత్తనమునకు లీటరు నీటిలో 1 గ్రాము కార్బండజిమ్ కలిపి 24 గంటలు నానబెట్టి, మరి 24 గంటలు మండెకట్టుట అలవాటులోనున్న విధానము. మందు విషయమున మీ వ్యవసాయ విస్తరణాధికారిని ముందుగా అడుగుడు.

సంకరజాతి పంటనుండి తీసిన వడ్లు ఎంత గట్టివైనను విత్తనముగా పనికిరావు. మందు పట్టించి అమ్మిన విత్తనమును ఈ తొట్టిలో వేయరాదు. ఆ నీరు, ఆ తేలిన గింజలు కోళ్ళకును పశువులకును విషమగును.

విత్తనపు లెక్క, మిగిలిన నీరు

ఎకరమునకు నాటుటకు 20 నుండి 25 కిలోల విత్తనము, 2 గుంటల నారుమడి కావలెను. 25 కిలోలలో 3 కిలోలు తేలినవనుకొనుడు. ఏరిన విత్తనము 22 కిలోలే మిగులును. కావున ముందుగానే కొంత అదనముగా ఉంచుకొనవలెను. తేలిన మూడు కిలోలు, మందు అంటనివైనచో, కడిగి ఆరబెట్టి కోళ్ళకు వేయవచ్చును. కనుక అవి పోయినవని విచారింపనక్కరలేదు. మడిలో పడియున్నచో అవి పీల నారై ఎరువు తినియుండెడివి.

పని ముగిసిన ఉప్పునీటిని మడిలోగాని, చెట్టు మొదటగాని, బావి ప్రక్కనగాని పోయరాదు. భూమి చౌడుబారును. పశువు త్రాగినచో ప్రమాదము. మూతగల డబ్బాలో పోసి ఇరుగుపొరుగువారికి ఇచ్చినచో, తూచి సరిచేసికొని అదే నీటితో వారి విత్తనమును కూడ ఏరవచ్చును. చివరకు వెడల్పు పళ్ళెములలో ఎండబెట్టినచో ఉప్పు మిగులును. దానిని వచ్చే పంటకు దాచవలెనేగాని వంటకు వాడరాదు.

నాలుగైదు ఇండ్లవారు కలిసి ఒక తొట్టి, ఒక తూకము, ఒక కొలత సీసా పెట్టుకొన్నచో ఖర్చు కొద్ది, పని తేలిక. ఈ సారి మీ విత్తనమంతయు కాకున్నను ఒక గుంటకు సరిపడు వడ్లను ఈ విధముగా ఏరి చల్లుడు. ప్రక్క గుంటలో ఏరని వడ్లు చల్లుడు. పదునైదవ దినమున ఇంటిల్లిపాదియు గట్టుమీద నిలిచి రెండింటిని పోల్చి చూడుడు. వచ్చే యాసంగికి ఏమి చేయవలెనో ఆ నారే మీకు చెప్పును.