మతి తప్పిన ముద్దాయి తరఫున

1. రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలపకు.
నేరం జరిగిన నిమిషంలో మనసు ఎలా ఉందన్నది ఒక ప్రశ్న. ఇవాళ బోనులో నిలబడ్డవాడికి తన మీద నడుస్తున్న కేసేమిటో అర్థమవుతోందా అన్నది మరొకటి. మొదటిదానికి పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 22. రెండోది తేలనిదే విచారణ సాగకూడదు. మందులు మింగి నెమ్మదిగా కూర్చున్న ముద్దాయిని చూసి ‘బాగానే ఉన్నాడుగా!’ అనేవాళ్లు కోర్టు హాల్లో ఎప్పుడూ ఉంటారు. ఆ మాట రెండో ప్రశ్నకు జవాబు కావచ్చు, మొదటిదానికి కాదు.

2. డాక్టరు చీటీ ఒక్కటే కేసు గెలవదు.
జబ్బుంటే చాలదు. చేస్తున్నదేమిటో గానీ, అది తప్పని గానీ చట్టవిరుద్ధమని గానీ తెలియని స్థితి ఉండాలి. 1964లో ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని రుజువు చేసే భారం ముద్దాయి మీదే ఉంచినా, సివిల్ దావాలో అడిగేపాటి రుజువు చాలంది. ఘటనకు ముందూ, అప్పుడూ, తర్వాతా నడవడి చూడమంది. కాబట్టి నాయనా, ముద్దాయి ఊరికి వెళ్లు. వాడు నిద్రపోని రాత్రుల సంగతి పక్కింటివాళ్లకు తెలుస్తుంది. కొట్టాక పారిపోయాడా, శవం పక్కనే కూర్చున్నాడా అన్నదీ వాళ్లే చెబుతారు.

3. నిర్దోషి అన్నంతమాత్రాన ఇంటికి పంపరు.
మతిలేక చేశాడని తేలితే కోర్టు సురక్షిత నిర్బంధంలో ఉంచుతుంది, లేదా పూచీకత్తు ఇచ్చే బంధువుకో మిత్రుడికో అప్పగిస్తుంది. చనిపోయింది ఇంటిమనిషే అయినప్పుడు ఆ బంధువెవరు? ఓ కేసులో, తమ్ముడి చేతిలో తల్లిని పోగొట్టుకున్న అన్ననే ఆ తమ్ముడి కోసం సంతకం పెట్టమని అడిగాను. “అయ్యా, రాత్రిళ్లు వాడి పక్కన పడుకోవాల్సింది మేమే కదా” అన్నాడు. నాకు కోపం వచ్చింది. తీర్పుతో నా పని అయిందనుకుని ఫైలు కట్టేశాను. ఆ అన్న భయానికి ఓ డాక్టరుతో జవాబు చెప్పించి ఉండాల్సింది.

4. ఆస్పత్రికి పంపినవాణ్ణి మరిచిపోకు.
అస్సాంలో 1951లో పట్టుబడిన ఒకాయన విచారణ లేకుండానే 54 ఏళ్లు నిర్బంధంలో ఉండి 2005లో బయటపడ్డాడు. విచారణకు తగినవాడని డాక్టర్లు 1967లోనే రాశారు. ఆ కాగితం వెంటపడినవాడు లేడు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికో విశాఖలోని దానికో నీ ముద్దాయిని పంపితే, ఎలా ఉన్నాడో ప్రతి వాయిదాకూ కనుక్కో. నయమైందని తెలిసిన రోజే మెమో వెయ్యి. క్లర్కు విసుక్కుంటాడు, విసుక్కోనీ.