రెండుసార్లు లెక్కపడుతున్నదా?

ప్రోగ్రాములు చకచకా వ్రాసే విద్యార్థులు కూడా డిస్క్రీట్ మాథమేటిక్స్ అనబడే వివిక్త గణితం మొదటి పరీక్షలో తడబడడం కద్దు. సూత్రాలు రాక కాదు. ఏ సూత్రం ఎక్కడ చెల్లుతుందో విచారించక. లెక్కింపు సమస్యలలో ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక తెలుగు సంఘంలో 5గురు స్త్రీలు, 4గురు పురుషులు ఉన్నారనుకుందాం. ముగ్గురితో సంచిక ఉపసంఘం ఏర్పరచాలి. కనీసం ఒక స్త్రీ ఉండాలి. విద్యార్థి మొదట ఒక స్త్రీని 5 విధాల, మిగిలిన 8 మందిలో ఇద్దరిని 28 విధాల ఎన్నుకొని, 5 × 28 = 140 అని వ్రాస్తాడు. కాని ఏ నిబంధనా లేకుండా 9 మందిలో ముగ్గురిని ఎన్నుకొనే విధాలే 84! ఇద్దరు స్త్రీలున్న ఉపసంఘం రెండుసార్లు, ముగ్గురూ స్త్రీలే అయినది మూడుసార్లు లెక్కలోకి వచ్చాయి. కేవలం పురుషులున్న 4 ఉపసంఘాలను 84 నుండి తీసివేస్తే వచ్చే 80 సరియైన సమాధానం.

అయితే గుణకారం ఎప్పుడు చెల్లుతుంది? తుది ఫలితాన్ని చూచి, అది ఏ ఎంపికల వలన వచ్చిందో ఒకే విధంగా చెప్పగలిగినప్పుడు. ఇందుకు చక్కని అభ్యాసం మన ఛందస్సులోనే ఉంది.

వేమన పద్యాల ఆటవెలదిలో బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదానికి ఐదు సూర్యగణాలు. లఘువును ల, గురువును గ అని వ్రాస్తే సూర్యగణాలు రెండు: లలల, గల. ఇంద్రగణాలు ఆరు: లలలల, లలలగ, లలగల, గలల, గలగ, గగల. బేసి పాదానికి 2 × 2 × 2 × 6 × 6 = 288 గురులఘు క్రమాలు, సరి పాదానికి 32. యతి నియమం అక్షరాల మైత్రికి సంబంధించినది కనుక ఈ లెక్కను మార్చదు. పద్యం మొత్తానికి 8,49,34,656.

ఇక్కడ అదే పొరపాటు జరగలేదని ఎలా తెలుసు? ఆరు ఇంద్రగణాలను పరిశీలిస్తే, ఏ గణమూ మరొక గణానికి ఆరంభభాగం కాదు. సూర్యగణాలూ అంతే. కనుక ఎడమనుండి చదువుతూ పోతే గణవిభజన ఒకే విధంగా కుదురుతుంది. కంప్యూటర్ శాస్త్రంలో దీనినే ప్రిఫిక్స్ కోడ్ అంటారు. 1952లో హఫ్‌మన్ ప్రకటించిన సంకేతపద్ధతి ఈ లక్షణం గలదే.

తేటగీతి పాదంలో వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. దీనికీ 288 క్రమాలే. అటువంటప్పుడు ఆటవెలది బేసి పాదానికో, తేటగీతి పాదానికో సరిపోయే క్రమాలు మొత్తం 576 అని వ్రాయవచ్చునా? 17 అక్షరాలూ లఘువులే అయిన పాదం రెండింటిలోనూ ఇముడుతుంది! 576 నుండి ఉమ్మడి క్రమాలను ఒకసారి తీసివేయాలి. అవి ఎన్నో కాగితంపై వ్రాసి తేల్చే పని విద్యార్థికి విడిచిపెట్టడమైనది.