ఫ్లెయిర్: వాసన నుంచి ప్రతిభ దాకా

ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు పరీక్షల ఇంగ్లిష్ విభాగంలో సమానార్థకాలు తప్పవు. ‘ఫ్లెయిర్’ అంటే పుట్టుకతో అబ్బిన నేర్పు, సహజ ప్రతిభ. టాలెంట్, ఆప్టిట్యూడ్, న్యాక్, గిఫ్ట్ దీనికి దగ్గరి పదాలు. ‘ప్రత్యేకమైన శైలి, సొగసు’ అనే రెండో అర్థమూ ఉంది.

ఈ పదం పుట్టుక ఆసక్తికరం. లాటిన్‌లో ‘ఫ్రాగ్రారే’ అంటే సువాసన వెదజల్లడం. ఫ్రాగ్రెన్స్‌కూ అదే మూలం. పాత ఫ్రెంచ్‌లోకి వచ్చేసరికి ‘ర’ కాస్తా ‘ల’గా మారి, వాసన అనే అర్థంలో స్థిరపడింది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లోనూ ఫ్లెయిర్ అంటే వాసనే! ఫ్రెంచ్‌లో ఇది వేటకుక్కకు జంతువు జాడ పసిగట్టే శక్తిని చెప్పే మాట కూడా. ఎవరూ నేర్పకుండానే కుక్కకు ఉండే ఆ శక్తి నుంచే మనిషి సహజ నేర్పు అనే అర్థం వచ్చింది. మన ‘పసిగట్టడం’లోనూ పసి అంటే వాసనే కదా.

ఇక అభ్యర్థులు మార్కులు పోగొట్టుకునే చోటు. ఫ్లెయిర్ తర్వాత ‘ఫర్’ రావాలి. ‘ఇన్’ రాస్తే తప్పు. ‘షి హ్యాజ్ ఎ ఫ్లెయిర్ ఫర్ రైటింగ్’ సరైన వాక్యం. ‘టు రైట్’ అనకూడదు.

ఉచ్చారణ ఒకటే అయిన మరో ‘ఫ్లేర్’ ఉంది. దాని స్పెల్లింగ్ ఎఫ్, ఎల్, ఎ, ఆర్, ఈ. అర్థం భగ్గుమని మండడం. మన పదంలో ‘ఎ’ తర్వాత ‘ఐ’ వస్తుంది, చివర ‘ఈ’ ఉండదు. ఈ జంటను హోమోఫోన్ల జాబితాలో రాసి పెట్టుకోండి.