మన షోలాపూర్‌లో ఏం తినాలి, ఏం చూడాలి, ఏ మాటతో చెప్పాలి?

పోయిన సంక్రాంతికి సిరిసిల్ల నుంచి మా పెద్దమ్మ కూతురు నీలం నగర్‌కు వచ్చింది. వాళ్లదీ పవర్‌లూమ్‌ల ఊరే. ఆటో దిగుతూనే "ఈ చప్పుడు మా వాడకట్టుదే గదా" అని నవ్వింది. మర్నాడు పొద్దున "ఏమే, మీ ఊర్ల ఏం తినాలె, ఏం జూడాలె?" అని అడిగింది. "ఏముందక్కా, మగ్గాలు, బీడీలు. అంతే" అన్నాను. గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న మా అవ్వ తలెత్తింది. "మూడు తరాల సంది ఈడ్నే తింటున్నం, ఈడ్నే తిరుగుతున్నం. ఏం లేదంటవా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ నాలుగు రోజులు అక్కతో తిరిగాక దొరికిన జవాబే ఈ వ్యాసం.

ముందు కూరగాయల బండి దగ్గర జరిగింది చెప్పాలి. నేను "అంబాడీ ఉందా?" అని మరాఠీలో అడిగాను. అక్క పక్కనుంచి "పుంటికూర కావాలె" అంది. బండామె కన్నడ మనిషి. నా వైపు చూడకుండా అక్క వైపు తిరిగి "పుండి పల్యానా?" అంటూ కట్ట తీసిచ్చింది. తెలంగాణలో పుంటికూర, ఉత్తర కర్ణాటకలో పుండిపల్య, కోస్తా ఆంధ్రలో గోంగూర, మరాఠీలో అంబాడీ. ఆకు ఒకటే. తెలుగు డిపార్ట్‌మెంట్‌లో చదువుతున్న నా నోటికి మాత్రం మరాఠీ మాటే ముందు వచ్చింది. మా తమ్ముడికైతే పుంటికూర అంటే ఏమిటో తెలియనే తెలియదు. ఇంట్లో వారానికి రెండుసార్లు తింటాడు, పేరు తెలియదు!

దేశ్యం, తత్సమం, తద్భవం, అన్యదేశ్యం అని క్లాసులో చదివాం కదా. ఆ రోజు మా పళ్లెంలో పుంటికూర దేశ్యం, అన్నం తత్సమం, భాకరి అన్యదేశ్యం. ఉదాహరణల కోసం పుస్తకం దాకా పోనక్కర లేకపోయింది.

ఇక కడక్ భాకరి. మా అవ్వ దీన్ని ఎండురొట్టె అంటుంది. జొన్నపిండినో సజ్జపిండినో పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, తడి పూర్తిగా పోయేదాకా ఆరబెడితే అప్పడంలా ఫెళఫెళలాడుతుంది. చాలా రోజులు చెడిపోదు. ముక్కలు చేసి వేడి పుంటికూర పప్పులో వేసుకుంటే సగం మెత్తబడి, సగం కరకరలాడుతుంది. ఆ సగంలోనే ఉంది రుచంతా. మగ్గం మీద షిఫ్టు చేసే ఇంటికి, రోజంతా బీడీలు చుట్టే ఆడవాళ్లకు, పొయ్యి వెలిగించకుండా తినగలిగేది ఇంట్లో ఉండాలి. ఈ రొట్టె మన వాడల్లో ఇంతగా నిలవడానికి అది కూడా ఒక కారణమని నా ఊహ.

దాని జోడు శేంగా చట్నీ. పేరు చట్నీ గానీ, చూస్తే పొడి. వేయించిన పల్లీలు, ఎల్లిపాయ, కారం, జీలకర్ర, ఉప్పు కలిపి రోట్లో దంచుతారు. దంచే కొద్దీ పల్లీల నూనె బయటికి వచ్చి అంతా ముద్దకడుతుంది. మిక్సీలో తిప్పితే రంగు వస్తుంది కానీ ఆ ముద్ద రాదు. అక్క ఒక పిడికెడు తిని "గిది మా పల్లికారమే, జరంత నూనె ఎక్కువుంది" అని తేల్చేసింది. పోయేటప్పుడు మాత్రం రెండు ప్యాకెట్లు సంచిలో పెట్టుకుంది.

సంక్రాంతి రోజుల్లో వచ్చే వాళ్లకు హుర్డా తప్పకుండా పెట్టాలి. మన జిల్లా యాసంగి జొన్నకు పేరున్న నేల, మంగళవేఢా జొన్నకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గింజ పాలు పోసుకుని ఇంకా గట్టిపడని కంకులను పిడకల నిప్పుల గుంటలో కాల్చి, వేడి వేడిగా అరచేతుల్లో నలిపితే పచ్చటి గింజలు రాలతాయి. బెల్లం, పెరుగు, శేంగా చట్నీ పక్కన పెట్టుకుని తింటాం. చెయ్యి కాలుతుంది, అయినా ఆగబుద్ధి కాదు. "ఇది ఊచబియ్యం గదనే!" అని అక్క అరిచినంత పని చేసింది. అవ్వ కళ్లు మెరిశాయి. ఆ మాట విని చాలా ఏళ్లయిందట.

ఈ హుర్డా మనల్ని నేరుగా సిద్ధేశ్వర గుడికి తీసుకెళ్తుంది. 12వ శతాబ్దపు సిద్ధరామేశ్వరుడు బసవన్న కాలం నాటి శివశరణుడు, కన్నడంలో వచనాలు చెప్పినవాడు. చిన్నప్పుడు చేను కాస్తుంటే ఒక జంగమయ్య వచ్చి లేత కంకులు కాల్చి పెట్టించుకుని తిన్నాడట. కడుపులో మంటగా ఉంది, పెరుగన్నం తెమ్మన్నాడట. పిల్లవాడు ఇంటికి పరిగెత్తి తెచ్చేసరికి జంగమయ్య లేడు. "మల్లయ్యా, మల్లయ్యా" అని ఏడుస్తూ, యాత్రికుల వెంట నడిచి నడిచి శ్రీశైలం చేరాడని కథ. ఆయన వచనాల చివర వచ్చే ముద్ర కపిలసిద్ధ మల్లికార్జున. అంటే ఈ ఊరి దేవుడి కథ తెలుగు కొండ దాకా పోయి తిరిగి వచ్చింది. మన పాల్కురికి సోమనాథుడు తెలుగులో రాసిన బసవపురాణాన్ని భీమకవి 1369లో కన్నడం చేశాడని చదువుకున్నాం. ఆ దారిలో కథలు రెండు వైపులా నడిచాయన్నమాట. నేనేమో ఇన్నాళ్లూ ఆ గుడి కన్నడం వాళ్లది, మరాఠీ వాళ్లది అనుకుంటూ చెరువు గట్టు మీద భేల్ తిని వచ్చేదాన్ని.

గడ్డా యాత్ర సంక్రాంతికే జరుగుతుంది. ఊరి చుట్టూ సిద్ధరాముడు ప్రతిష్ఠించినవని చెప్పే 68 లింగాలకు తైలాభిషేకం చేస్తారు. సిద్ధరాముణ్ణి పెళ్లాడాలని కోరుకున్న కుమ్మరి అమ్మాయికి ఆయన యోగదండంతో పెళ్లి జరిగిందని కథ. ఆ పెళ్లిని సమ్మతి కట్ట దగ్గర ప్రతి ఏడూ మళ్లీ జరుపుతారు. తెల్లటి బట్టల్లో భక్తులు ఏడు నందిధ్వజాలను మోసుకొస్తారు. అంత పొడవు కర్రను నడుముకు ఆనించి నిటారుగా నిలపడం చూస్తే ఊపిరి బిగబడుతుంది. జనంలో నా పక్కనున్నామె మరాఠీలో, ఆమె పక్కనున్నామె కన్నడంలో, మా అవ్వ తెలుగులో దండం పెట్టుకున్నారు. అక్షతలు అందరి మీదా ఒకేసారి పడ్డాయి.

మన పద్మశాలీల సొంత పండుగ చూడాలంటే శ్రావణ పౌర్ణమికి రావాలి. ఇక్కడ నారళీ పౌర్ణమి అంటారు. పొద్దున జంధ్యాలు మార్చుకున్నాక మార్కండేయ మహర్షి రథం పూర్వభాగ్ వీధుల్లో తిరుగుతుంది. ఊరేగింపులో మగ్గం కూడా ఉంటుంది, కదులుతుండగానే బట్ట నేస్తారు. ఏడాదంతా షెడ్డు లోపల, చప్పుడు మధ్య, ఎవరికీ కనబడకుండా సాగే పని ఆ ఒక్క రోజు వీధిలోకి వచ్చి దండలు వేయించుకుంటుంది. నాకు రథం కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది. షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశమంతా మన చద్దరు కప్పుకుంటుంది. నేసిన వాళ్లు ఏ మాటతో అన్నం అడుగుతారో ఎంతమందికి తెలుసు?

మిగిలినవి ఒక్క పూటలో చూసేయొచ్చు. చెరువు పక్కనే బహమనీల కాలపు భుయికోట్ కోట ఉంది. 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరికంబమెక్కిన నలుగురు షోలాపూర్ వీరుల పేరు మీద చార్ హుతాత్మా చౌక్ ఉంది. చైనాలో సైనికులకు వైద్యం చేస్తూ 1942లో అక్కడే చనిపోయిన డాక్టర్ కోట్నీస్ పుట్టిందీ మన ఊళ్లోనే, ఆయన స్మారకం ఉంది.

అక్క బస్సెక్కే ముందు అవ్వ ఎండురొట్టెల కట్ట చేతిలో పెట్టి "మీ అమ్మకు చెప్పు, ఊచబియ్యం తిన్ననని" అంది. ఆ రాత్రి నేను నోటుబుక్కు తెరిచి అవ్వను కూర్చోబెట్టి, వంటింటి మాటలు అడిగి రాసుకున్నాను. అరవై రెండు వచ్చాయి. వాటిలో పంతొమ్మిది నాకు కొత్తవి.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించాం, దారానికి పెన్ను కట్టి ఉంది. మీ ఇంట్లో అవ్వ, అమ్మమ్మ, అత్తమ్మ వాడే తిండి మాట, మీరు వాడనిది, ఒక్కటైనా రాయండి. పక్కన వాళ్లది ఏ ఊరో కూడా రాయండి. కాగితం నిండితే ఇంకొకటి అంటిస్తామని మేడమ్ ఒప్పుకున్నారు.